చూడటం నేర్చుకుందాం, కలిసి నడుద్దాం

(మహదేవపురలో జరిగిన ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, మార్కుల గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను వేరే విషయం చెబుతాను. నెలకొక ఆదివారం మన పిల్లలను జట్టుగా నడిపించి, ఫోటోలు తీయించి, క్షేమంగా ఇంటికి చేర్చే కార్యక్రమం ఒకటి ట్రస్టు తరఫున మొదలుపెడదామన్నది నా ప్రతిపాదన.

"చదువుకునే పిల్లలకు ఫోటోలెందుకు, కొండలెందుకు?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. చిత్తూరు నుంచి, అనంతపురం నుంచి, కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మనవి. మన పిల్లలకు తెలిసిన బెంగళూరు ఇల్లు, కాలేజీ, ట్రాఫిక్, షాపింగ్ మాల్. అంతే. ఊరిని చూడకుండానే ఊళ్ళో పెరుగుతున్నారు. కెమెరా చేతిలో ఉంటే మనిషి ఆగుతాడు, ఆగితే చూస్తాడు, చూస్తే ప్రశ్న పుడుతుంది. చదువుకు మొదలు అదే కదా.

ఈ నగరానికి ఇది కొత్త కాదు. యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1971లోనే ఇక్కడ ఏర్పడింది. వన్యప్రాణి ఛాయాచిత్రకారుడిగా ప్రపంచంలో పేరు తెచ్చుకున్న టి.ఎన్.ఎ. పెరుమాళ్ ఈ ఊరివారే. పక్షులను పరిశీలించేవారు లాల్‌బాగ్‌లో నెలనెలా ఒక ఆదివారం కలిసి నడిచే అలవాటు దశాబ్దాలుగా ఉంది. ఆ దారిలో మనమూ నాలుగడుగులు వేద్దాం.

మొదటి నడక ఇంటి దగ్గరే పెట్టుకుందాం. 2007లో మహానగర పాలికలో కలిసేదాకా మహదేవపురది వేరే నగరసభ. ఊళ్ళు, పొలాలు, చెరువులు ఉన్న ప్రాంతం ఇది. సర్జాపుర రోడ్డు పక్క కైకొండ్రహళ్ళి చెరువును స్థానికులు, పాలిక కలిసి బాగుచేసుకున్నారు. ఉదయం వెళితే నీటిపక్షులు కనబడతాయి. బెళ్ళందూరు చెరువు సంగతి మీకు తెలిసిందే. 2015లో, 2017లో, మళ్ళీ 2018లో ఆ చెరువులో మంటలు లేచాయి. మురుగునీటి వల్ల పుట్టిన నురగ రోడ్డు మీదకు వచ్చింది. ఈ రెండు చెరువులను ఒకే రోజు ఫోటో తీసిన పిల్లవాడికి పర్యావరణ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

రెండో నడక లాల్‌బాగ్. మన మెట్రో ఊదారంగు లైనులో మెజెస్టిక్ వెళ్ళి, అక్కడ ఆకుపచ్చ లైను ఎక్కితే తోట దగ్గరే దిగవచ్చు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. గాజుమేడ 1889 నాటిది. కెంపేగౌడ గోపురం నిలిచిన బండ వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పిల్లలు పరుగెత్తి ఆడుకునే బండ అది. దాని మీద నిలబడి భూగోళ పాఠం వింటే ఎన్నటికీ మరిచిపోరు.

మూడోది నంది కొండ. నగరానికి సుమారు 60 కిలోమీటర్లు, ఎత్తు 1,478 మీటర్లు. కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుని గుడి ఉంది. తెలుగువారిగా మనం తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. అనంతపురం, కడప, నెల్లూరు నేలను తడిపే పెన్న పుట్టింది ఈ నంది కొండల్లోనే. దక్షిణ పినాకిని పుట్టిందీ ఇక్కడే. మన బెళ్ళందూరు, వర్తూరు చెరువుల నుంచి పారే నీరు చివరికి ఆ దక్షిణ పినాకినిలోనే కలుస్తుంది. మొదటి నడకలో చూసిన మురుగు ఎక్కడికి పోతుందో మూడో నడకలో అర్థమవుతుంది.

ఇక నిర్వహణ. సరదా అందరికీ ఉంటుంది. బాధ్యత ఎవరిదో ముందే తేలాలి.

ఇరవై మందికి మించి తీసుకుపోవద్దు. ఐదుగురికొక పెద్దమనిషి ఉండాలి. ముందు నడిచే వ్యక్తి ఒకరు, అందరికన్నా వెనక నడిచే వ్యక్తి ఒకరు. వీరిద్దరి మధ్యలోనే పిల్లలందరూ ఉండాలి. మలుపు మలుపుకూ తలలు లెక్కపెట్టాలి. దారి ముందుగా ఒకసారి పెద్దలు నడిచి చూసిన తరువాతే పిల్లలను తీసుకుపోవాలి. ఎవరికైనా ఆస్తమా ఉందా, తేనెటీగ కుడితే పడదా అని ముందే రాయించుకోవాలి. బండల మీద తేనెపట్టులుంటాయి కాబట్టి పొగ, కేకలు వద్దు. తలా రెండు లీటర్ల నీళ్ళు. తిరిగి రావలసిన సమయం అయిందంటే, శిఖరం ఎదురుగా కనబడుతున్నా సరే, వెనక్కి తిరగాలి.

అడవిశాఖ పరిధిలోని కొండలకు అనుమతి తీసుకోకుండా వెళ్ళరాదు. 2024లో కర్ణాటక ప్రభుత్వం ట్రెక్కింగ్ దారుల్లో రోజుకు 300 మందికి మించి వెళ్ళకూడదని పరిమితి పెట్టింది. ఇలాంటి నియమాలను అడ్డంకులుగా చూడకండి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగని కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్ళినవారు కార్చిచ్చులో చిక్కుకున్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో యువతీయువకులే ఎక్కువ. ఎండాకాలం, ఎండిన గడ్డి, తప్పించుకునే దారి లేని వాలు. ఆ వార్త గుర్తుంచుకున్న తల్లి "మా పిల్లను పంపను" అంటే ఆమెను తప్పుపట్టలేం. ఆమెకు సమాధానం చెప్పవలసినది మనం.

ఆ సమాధానం మాటల్లో కాదు, కాగితం మీద ఉండాలి. ఎక్కడికి, ఎవరితో, ఏ బండిలో, ఎన్నింటికి తిరిగి వస్తారు, ఎవరి ఫోను నెంబరు అన్నది రాసిన కాగితం ఒకటి ప్రతి ఇంట్లో ఉండాలి. ఆడపిల్లలు వచ్చే ప్రతి నడకలోనూ కనీసం ఇద్దరు మహిళలు వెంట ఉండాలి. తల్లులు తామే వస్తామంటే మరీ మంచిది. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. ఈరోజు ఉపకారవేతనం అందుకున్న అమ్మాయి రేపు ఉద్యోగానికి ఒంటరిగా వేరే ఊరు వెళ్ళవలసి రావచ్చు. దారి అడగటం, జట్టుతో నడవటం, కాదనవలసిన చోట కాదనటం పదిమంది తోడుండగా నేర్చుకోవటం మేలు. అబ్బాయిని పంపి అమ్మాయిని ఆపితే ఈ కార్యక్రమానికి అర్థం లేదు.

కెమెరా లేదని ఎవరూ ఆగవద్దు. ఇంట్లో ఉన్న ఫోను చాలు, ఇద్దరికి ఒకటున్నా చాలు. ఖర్చు టికెట్టు, టిఫిను మాత్రమే. అదీ కష్టమైనవారికి ట్రస్టు భరించాలని కోరుతున్నాను.

విద్యార్థులారా, మీకు మూడు మాటలు. మనిషిని ఫోటో తీసే ముందు అడగండి. పూలమ్మే ఆమె వద్దంటే కెమెరా దించేయండి. కొండ అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకురండి.

నడక ముగిసిన వారంలోగా తలా మూడు ఫోటోలు ఎంచి, ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు తెలుగులో రాయండి. వందలో మూడు ఏరుకోవటమే అసలు పాఠం. మాతృభాషలో రాసే అవకాశం బడిలో దొరకని మన పిల్లలకు ఇదొక అవకాశం కూడా. బాగున్నవాటిని ఈ సంచికలోనే అచ్చు వేద్దాం.

వెంట నడవటానికి సిద్ధంగా ఉన్న పెద్దలు సభ ముగియగానే పేర్లు ఇవ్వండి. ఐదుగురు దొరికితే వచ్చే నెలలోనే చెరువు గట్టు మీద మొదటి అడుగు వేయవచ్చు.