కీళ్ల సదఖా

 

మానవుని ప్రతి కీలుపైనా ప్రతి దినమూ ఒక సదఖా బాకీ ఉన్నదని, రెండు రకాతుల చాష్త్ నమాజు ఆ బాకీకి సరిపోతుందని దైవప్రవక్త (స) బోధించారు. కీలు తనంతట తాను కదలదు. దానిని కదిలించేది కండరం. మన దేహంలో అవి ఆరు వందలకు పైగా ఉన్నాయి. కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం తెలియదు. అందుకే సృష్టికర్త వాటిని జతలుగా అమర్చాడు. ఒకటి బిగిసినప్పుడు రెండవది సడలకపోతే రుకూ లేదు, సజ్దా లేదు.

నిజామాబాదులో బీడీలు చుట్టే మన తల్లులను, చెల్లెళ్లను చూడండి. వేళ్లలో కండరాలు లేవు. అవి ముంజేతిలోను, అరచేతిలోను ఉండి, స్నాయువులనే గట్టి తాళ్లతో వేళ్లను లాగుతాయి. పగలంతా తునికాకు చుట్టి దారం కట్టిన చేతికి రాత్రి ముంజేయి సలపడం ఇందువల్లనే.

కండరపు పోగులో ఆక్టిన్, మయోసిన్ అనే తంతువులు ఉంటాయి. నరం ద్వారా ఆజ్ఞ రాగానే కాల్షియం వెలువడుతుంది. మయోసిన్ తన చిన్న తలలతో ఆక్టిన్‌ను పట్టి లాగుతుంది. తంతువులు కుంచించుకుపోవు, ఒకదాని పక్కన మరొకటి జరుగుతాయి. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 1954లో ప్రకటించారు. ఆశ్చర్యమేమంటే, పట్టిన పట్టు విడవడానికే ఏటీపీ అనే శక్తిద్రవ్యం కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు అది నిండుకొని, పట్టు విడవక మయ్యిత్ బిగుసుకుంటుంది. పెద్దలు ఆలస్యం చేయక కళ్లు మూసి, దవడ కట్టి, కీళ్లను మెల్లగా కదిలించేది అందుకే.

ఆ శక్తికి ముఖ్యమైన ఇంధనం రక్తంలోని చక్కెర. బోధన్ పొలాలలో చెరకు నరికిన చేయి తనలోని చక్కెరను కరిగించి మనకు చక్కెరను ఇచ్చింది. శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడింది. ఆ చేతులు నేడు ఇతరుల పొలాలలో, దుకాణాలలో, గల్ఫు దేశాలలో కూలికి వంగుతున్నాయి.

పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన అల్లాహ్ తానే వ్యతిరేకంగా నిలబడతాడని ప్రవక్త (స) హెచ్చరించారు. మన సఫ్‌లలో బీడీ ఠేకేదారులు ఉన్నారు, చెరకు కోత మేస్త్రీలు ఉన్నారు. బీడీలు బాగాలేవని పక్కన పెట్టి, వాటిని తామే ఉంచుకొని, కూలి మాత్రం కోసేవారూ ఉన్నారు. అటువంటి బాకీ ఎవరి దగ్గర మిగిలి ఉన్నా, ఈ రోజు అసర్ అజాన్ లోపల ఆ ఇంటి గుమ్మం వద్దకు వెళ్లి చెల్లించి రావాలని కోరుతున్నాము.