గుర్రాల బాట మీద సైకిళ్ళు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇటు కూచిపూడి నాట్యం, అటు భోజనాలు. ఈ రెంటికీ మధ్య సైకిలు గురించి మాట్లాడమని కార్యవర్గంవారు నన్ను నిలబెట్టారు. ఆకలిగా ఉన్నవాళ్ళ ముందు ఎక్కువసేపు మాట్లాడడం క్షేమం కాదని నాకు తెలుసు. అయినా ఈ ఇంగ్లండులో మన పిల్లలకు సైకిలు నేర్పించి, ఆ తరువాత రోడ్డు మీదికి పంపడానికి భయపడే తల్లిదండ్రులు ఈ హాలులో చాలామంది ఉన్నారు. వారికి పనికివచ్చే సంగతి ఒకటి చెప్పాలని ఒప్పుకున్నాను.

ఫ్రాన్సు దేశపు పశ్చిమ భాగంలో మయెన్ అని ఒక నది ఉంది. మన గోదావరి ముందు పెట్టి చూస్తే అది పెద్ద పంటకాలువతో సమానం. 416 మీటర్ల ఎత్తున్న అవల్వార్ కొండ పాదాన పుట్టి, రెండువందల కిలోమీటర్లు ప్రవహించి, ఆఁజే పట్టణం దగ్గర సార్త్ నదితో కలుస్తుంది. అక్కడినుంచి మేన్ అని పేరు మార్చుకుని, కొద్ది దూరంలోనే ల్వార్ నదిలో పడుతుంది. ఈ నది పేరే ఉన్న మయెన్ పట్టణం నుంచి దక్షిణాన దాన్ అనే గ్రామం దాకా ఎనభై కిలోమీటర్లకు పైబడి, నీటి అంచునే ఒక బాట పోతుంది. దానిమీద కార్లు లేవు, లారీలు లేవు, మోటారు సైకిళ్ళు లేవు. తారు కూడా లేదు. మన ఊళ్ళలో గ్రావెలు రోడ్డు అంటామే, అటువంటిదే. చిన్న రాతిపొడి పరిచి, దిమ్మిసకొట్టి గట్టిచేసిన బాట.

ఈ బాట ఎలా వచ్చిందన్నదే అసలు కథ. సైకిలు కోసం దాన్ని ఎవరూ వెయ్యలేదు. అప్పటికి సైకిలే పుట్టలేదు. 1669 లో, పద్నాలుగో లూయీ రాజు కాలంలో, కొల్బేర్ మంత్రిగా ఉండగా, అడవులనూ నీళ్ళనూ గురించి ఒక పెద్ద శాసనం వెలువడింది. పడవలు నడిచే నదుల వెంట, గుర్రాలు పడవలను లాగడానికి వీలుగా, ఒడ్డున 24 అడుగుల మేర ఎవరూ గోడ కట్టకూడదు, చెట్టు నాటకూడదు, దారి మూయకూడదు అన్నది అందులో ఒక నియమం. ఆనాటి ఫ్రెంచి అడుగుల లెక్కలో అది 7 మీటర్ల 80 సెంటీమీటర్లు. రాజు పోయాడు, విప్లవం వచ్చింది, చక్రవర్తులు వచ్చి పోయారు. ఇవాళ్టి ఫ్రెంచి చట్టంలో చూస్తే అదే 7.80 మీటర్లు అలాగే ఉంది. భూమి ఎవరిదైనా కావచ్చు, ఆ మేర మాత్రం దారికి వదలాలి. మూడువందల యాభై ఏళ్ళకు పైగా ఒక కొలత చెక్కుచెదరకుండా నిలిచిందంటే, ఏ సర్వేయరుకైనా ముచ్చటవెయ్యాలి.

ఇక మయెన్ నది విషయం. దీనిని 19వ శతాబ్దం రెండో సగంలో ఆనకట్టలతో, లాకులతో కట్టుదిట్టం చేశారు. రెండు మూడు కిలోమీటర్లకు ఒక లాకు, దాని పక్కన లాకు కాపలావాడికి చిన్న ఇల్లు, అవతలి ఒడ్డున చాలాచోట్ల ఒక నీటి మర. బొగ్గు, సున్నం, పలకరాయి పడవల మీద పోవాలని వారి ఆలోచన. కాని లవాల్ పట్టణానికి 1855 లోనే రైలు వచ్చేసింది. అంటే నదిని పడవలకు సిద్ధం చేస్తుండగానే, సరుకును ఎగరేసుకుపోయేవాడు గుమ్మంలో నిలబడ్డాడన్నమాట. ఖర్చంతా పెట్టిన తరువాత పడవ బేరం సన్నగిల్లింది. ఆ తరువాత లారీ వచ్చి చిన్న రైలు మార్గాలను కూడా మూయించింది. ఇప్పుడు మయెన్ పట్టణానికి ఉత్తరాన, దోంఫ్రోన్ దాకా, పట్టాలు పీకిన రైలు కట్ట మీద సైకిలు పోతుంది. దక్షిణాన పడవలు లాగిన గట్టు మీద పోతుంది. పడవను రైలు ఓడించింది, రైలును లారీ ఓడించింది. ఇద్దరి ఆస్తీ చివరికి సైకిలుకు దక్కింది! దాయాదుల తగాదాలో మూడోవాడికి పొలం దక్కినట్టు.

ఇటువంటి బాటలను ఫ్రెంచివారు వ్వా వెర్త్, అంటే పచ్చబాట, అంటారు. 2004 నుంచి వారి రహదారి నియమావళిలో దీనికి ప్రత్యేకమైన స్థానం ఉంది. మోటారు లేనివాళ్ళకు, నడిచేవాళ్ళకు, గుర్రపు స్వారీ చేసేవాళ్ళకు ఉద్దేశించిన దారి ఇది. మయెన్ గట్టు మీద మీ పక్కనుంచి గుర్రం పోతుంటే ఆశ్చర్యపడవద్దు. అది దాని తాతల బాట. మీరే కొత్తవాళ్ళు. గంట కొట్టకుండా, నెమ్మదిగా పలకరించి, ఎడం ఇచ్చి దాటండి.

నది బాట గనుక ఎత్తుపల్లాల బాధ లేదు. లాకు దగ్గర మాత్రం ఒకటి రెండు మీటర్లు దిగుడు వస్తుంది, అంతే. ఏడెనిమిదేళ్ళ పిల్ల రోజుకు ఇరవై, ఇరవైఅయిదు కిలోమీటర్లు అలవోకగా తొక్కుతుంది. మా చిన్నమ్మాయి తొక్కింది. నేను వెనకనుంచి "ఎడంపక్కకు రా, కారొస్తోంది" అని ఒక్కసారి కూడా అరవలేదు. రోజంతా పిల్లతో కబుర్లు చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్ల ఇంగ్లీషు వదిలి తెలుగులో అంతసేపు మాట్లాడింది కూడా అక్కడే. ఇంట్లో మన ప్రయత్నాలన్నీ మీకు తెలిసినవే కదా.

గ్రావెలా, తారా అన్న వాదం అక్కడ కూడా ఉంది. సైకిలువాళ్ళలోనే రెండు పక్షాలు. తారు వేస్తే వానాకాలంలో బురద ఉండదు, చక్రాల కుర్చీలో ఉన్నవారికి, పసిపిల్లల బండి తోసేవారికి సుఖం. ఈ మాట కొట్టిపారేయదగినది కాదు. కాని ఒడ్డున చెట్ల వేళ్ళు తారును పైకి లేపి పగలగొడతాయి. చలికాలం వరద వచ్చి గట్టు మునిగితే రాతిపొడి కొట్టుకుపోతుంది, నిజమే. దాన్ని మళ్ళీ పరిచి దిమ్మిసకొడితే సరిపోతుంది. అన్నిటికంటె ముఖ్యం, గ్రావెలు మీద ఎవరూ మరీ వేగంగా పోలేరు. పందెపు సైకిలువాడూ, కర్ర పట్టుకున్న తాతగారూ ఒకే బాట పంచుకోవాలంటే ఆ నెమ్మది అవసరం. నా ఓటు గ్రావెలుకే. ఇప్పుడు గ్రావెలు సైకిలు అని ఒక కొత్త రకమే వచ్చింది. దానికి 2022 నుంచి ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి. మీకు అంత ఖరీదైనది అక్కరలేదు. టైరు నలభై మిల్లీమీటర్ల వెడల్పుండి, గాలి కొంచెం తగ్గించి కొడితే, గరాజులో మూలపడ్డ పాత సైకిలు కూడా చక్కగా పోతుంది.

దారిలో చూడవలసినవి చాలానే ఉన్నాయి. లవాల్ కోటనూ, పాత వంతెననూ బాట మీదనుంచే చూడవచ్చు. ఒకప్పుడు ఆ ఊళ్ళో నది మీద తేలే చాకిరేవు పడవలుండేవి. ఆడవాళ్ళు పడవలో కూర్చుని బట్టలు ఉతికేవారు. అమాయకమైన అడవి బొమ్మలు వేసిన ఆఁరీ రూసో 1844 లో పుట్టింది లవాల్‌లోనే. 1873 లో అక్కడే పుట్టిన రచయిత ఆల్‌ఫ్రెద్ జారీ సైకిలు పిచ్చివాడు. 1902 లో ఆయన రాసిన నవలలో పదివేల మైళ్ళ సైకిలు పందెం ఒకటి ఉంది, అదీ రైలుతో! లవాల్ దాటాక ఆంత్రామ్ గ్రామం దగ్గర ఒడ్డునే ఒక మఠం కనిపిస్తుంది. విప్లవకాలంలో దేశం వదిలిన సన్యాసులు 1815 లో తిరిగి వచ్చి స్థిరపడ్డ చోటు అది. పోర్ సాల్యూ చీజ్ పుట్టింది అక్కడే. 1959 లో సన్యాసులు ఆ పేరును వ్యాపారస్థులకు అమ్మేశారు. ఇప్పుడు మన దుకాణాలలో ఆ పేరుతో దొరికేది ఫ్యాక్టరీ సరుకు.

మా అమ్మ ఊరు కోనసీమ. నిరుడు ఇక్కడికి వచ్చినప్పుడు కారులో లవాల్ దాకా తీసుకువెళ్ళి, ఒక లాకు దగ్గర కూర్చోబెట్టాను. తలుపులు మూసి నీరు నింపడం, పడవ పైకి లేవడం చూసి, "ఒరే అబ్బాయీ, మన లాకులే కదురా ఇవి. లస్కరు ఏడీ?" అంది. చిన్నప్పుడు ధాన్యం పడవలకు తాడు కట్టి మనుషులు గట్టు వెంబడి వంగి నడుస్తూ లాగడం ఆమె కళ్ళారా చూసింది. అక్కడ గుర్రం చేసిన పని ఇక్కడ మన మనిషి భుజం చేసింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 కి పూర్తయింది. ఆ కాలువలు పంటలకే కాదు, పడవలకు కూడా. బకింగ్‌హాం కాలువతో కలిపితే కాకినాడ నుంచి చెన్నపట్నం దాటి నీటిమీదనే పోయేవారు. 2008 లో ప్రభుత్వం ఈ కాలువలను జాతీయ జలమార్గంగా ప్రకటించింది కూడా. కాని పడవ లాగినవాడు నడిచిన గట్టు ఏమయింది? కొన్నిచోట్ల బస్సు రోడ్డు, కొన్నిచోట్ల ఇళ్ళు, దుకాణాలు. నిలువనీడ లేక గట్టున గుడిసె వేసుకున్నవాడిని నేను తప్పుపట్టను. ఎక్కడ గట్టు ఇంకా ఖాళీగా ఉందో, అక్కడైనా దాన్ని కొలిచి, పది మంది నడిచే దారిగా కాగితం మీద ఎక్కించమని మన జిల్లాలవారిని అడగవచ్చు కదా అంటున్నాను. హైదరాబాదులో 2023 లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరపలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. మంచిదే. కాని దాని పక్కన రోజంతా కార్ల మోత. కాలువగట్టు మీద కొబ్బరిచెట్ల నీడకు ఖర్చు కూడా లేదు. ఊళ్ళకు విరాళాలు పంపే మన సంఘం గుడికీ, బడికీ ఇస్తున్నది. ఒక గట్టు కూడా ఆ జాబితాలో చేర్చడం కార్యవర్గంవారు ఆలోచించాలి.

వెళ్ళదలచినవారికి నాలుగు ముక్కలు. పోర్ట్స్‌మత్‌లో సైకిలుతో పాటు ఓడ ఎక్కితే వీస్త్రేఆం రేవులో దిగుతారు. ఆ రేవునుంచే లా రోషెల్ దాకా వెలో ఫ్రాన్సెత్ అనే సైకిలు మార్గం ఆరువందల కిలోమీటర్లకు పైగా ఉంది. మయెన్ గట్టు అందులో ఒక భాగం. అంతా తొక్కనక్కరలేదు. పిల్లలున్నవారు లవాల్ నుంచి షాతో-గోంతియే దాకా పోతే చాలు. మే, జూను నెలలు మంచివి. శరదృతువులో కొన్నేళ్ళకొకసారి లాకుల మరమ్మతు కోసం నది నీరు తగ్గిస్తారు, అప్పుడు అందం తక్కువ. పల్లెల్లో మధ్యాహ్నం దుకాణాలు మూస్తారు. ఆదివారం అయితే సరేసరి. శాకాహారులు పులిహోర కట్టుకుని వెళ్ళడం మేలు.

వచ్చే మే నెలలో నాలుగు కుటుంబాలం వెళుతున్నాము. చేరదలచినవారు భోజనాల దగ్గర నన్ను కలవండి. పెరుగన్నం వరసలో ఉంటాను.