ఇంటి మురుగునకు దారి, గాలికి దారి

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)

 

ఇంటికి వచ్చు నీటిని గూర్చి మాటలాడువారు ప్రతి గ్రామమునను పెక్కుమంది కలరు. ఆ నీరు ఇల్లు విడిచిపోవు దారిని గూర్చి మాటలాడువారు అరుదు. కావున నేడు ఆ రెండవ విషయమునే మీ ముందుంచదలచితిని.

ఒక లెక్క చూతము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము గ్రామములందు మనిషికి దినమునకు 100 లీటర్ల నీరు అందవలెనను లక్ష్యముతో రూపొందింపబడినది. అయిదుగురున్న ఇంటికి అది 500 లీటర్లు. త్రాగుటకు, వంటకు పోవునది కొద్దిపాటి. స్నానమునకు, బట్టలకు, పాత్రలకు, మరుగుదొడ్డికి వాడినదంతయు మురుగుగా వెలుపలికి రావలసినదే. బావిలో చేదుకొని బిందెలతో మోసిన దినములలో ఇంత నీరు ఏ సామాన్య గృహమునను వాడియుండరు. నాటి వాకిలి, నాటి సందు, నాటి కాలువ మాత్రము అట్లే యున్నవి.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందు వాకిట కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీలున్నారు. సిరిసిల్లలో మగ్గముల ప్రక్కనే కాపురముండు నేత కుటుంబములున్నవి. పగలెల్ల ఇంటిపట్టుననే పనిచేయు వీరు ఆ మురుగు ప్రక్కననే దినము గడపవలసి వచ్చుచున్నది. ఉమ్మడి కరీంనగరు జిల్లా బోదకాలు వ్యాధి నెలకొనియున్న జిల్లాలలో నొకటియని మీరెరుగుదురు. ఆ వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ మురికినీటిలో గ్రుడ్లు పెట్టును. సెప్టిక్ ట్యాంకు దానికి మిక్కిలి యనుకూలమైన తావు. ఏటేట ఇంటింటికి వచ్చి మాత్రలు మ్రింగించు సిబ్బంది శ్రమ సగము, మన పెరటి గొట్టము కొనను తెరచి యుంచుటచే వ్యర్థమగుచున్నది.

ఆ గొట్టము మాట కొంచెము వివరముగ చెప్పవలెను. సెప్టిక్ ట్యాంకులో మలము కుళ్లునప్పుడు విషవాయువులు, మండు వాయువులు పుట్టును. వాటికి దారి యొసగవలెను. రెండంగుళములకు తగ్గని గొట్టమును ట్యాంకు పైకప్పునుండి లేపి, ట్యాంకు ఇంటి ప్రక్కనే యున్నయెడల ఇంటికప్పునకు పైన ఆరడుగుల వరకు తీసికొనిపోవలెను. కొనకు దోమ దూరని సన్నని జాలీ కట్టవలెను. ఖర్చు స్వల్పము. అయినను మేస్త్రీలు పెక్కుచోట్ల నడుమెత్తు గొట్టము నిలిపి, అది కిటికీ ముందర నున్నదో లేదో చూడక వెడలిపోవుదురు. ఇంటివారు వాసన భరింపలేక దానికి గుడ్డ క్రుక్కుదురు. గాలి అంతట నిలుచునా? స్నానాల గది బెజ్జముగుండ లోనికే వచ్చును.

లోనికి రాకుండ అడ్డు నిలుచునది ట్రాపులో నిలువయుండు కొద్దిపాటి నీరు. గొట్టము వంపులో నిలిచిన ఆ నీరే తలుపు. బకెట్టు నీరు ఒక్కసారి పోసినప్పుడు బుడబుడమను శబ్దము వచ్చిన, గొట్టమునకు గాలి చాలక ఆ వంపులోని నీటిని పీల్చుకొనుచున్నదని యర్థము. అప్పుడు ఫినాయిలు పోయుటవలన ప్రయోజనము లేదు. గొట్టమునకు గాలిదారి కల్పింపవలెను. శబ్దము లేకయే వాసన వచ్చిన, వాడకము లేక ట్రాపు ఎండినదేమో చూడుడు. చెంబెడు నీటితో తీరు బాధకు నేల పగులగొట్టించినవారున్నారు!

వాలు సంగతి క్లుప్తముగ చెప్పెదను. నాలుగంగుళముల గొట్టమునకు పదియడుగులకు మూడంగుళముల వాలు చాలును. నిటారు మూల మలుపు పెట్టక, రెండు అరమలుపులతో త్రిప్పవలెను. మలుపున్నచోట తెరచి చూచుటకు చిన్న తొట్టి యుండవలెను.

ఇక రెండు గుంతల మరుగుదొడ్డి. పల్లెలలో చిన్న గృహములకు ఇదియే మేలని నా యభిప్రాయము. సుమారు మీటరు వెడల్పు, మీటరు లోతుగల రెండు గుంతలు. గోడలలో సందులు విడిచిన ఇటుకకట్టు. వాయువు నేలలోనికే ఇంకిపోవును గనుక దీనికి గాలిగొట్టము అక్కరలేదు. ఒక గుంత వాడుకలో నుండగా రెండవది విశ్రమించును. కాని నేడు పలుచోట్ల కానవచ్చు దోషమేమన, మొదటిది నిండి రెండవ దానిలోనికి పొర్లునట్లు గొలుసుకట్టుగా కలుపుచున్నారు. అట్లయిన రెండును పచ్చిగనే యుండును. సరిచేయుటకు దొడ్డికి, గుంతలకు నడుమ ఒక తొట్టి కట్టి, రెండు దారులలో నొకదానిని ఇటుకతో మూసివేసిన చాలును. స్నానపు నీటిని ఈ గుంతలలోనికి విడువరాదు. దానికి వేరుగా ఇంకుడుగుంత యుండవలెను. సిద్ధిపేట ప్రాంతమున ఇబ్రహీంపూరు గ్రామము ఇంటింట ఇంకుడుగుంతలు త్రవ్వి పేరొందినది.

గుంత తీయువారు ఎవరను సందేహము మీకు కలుగక మానదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ విశ్రమించిన గుంతలోనికి తామే దిగి ఎరువును పైకి తీసిరి. ఏడాదికి పైబడి మూతపడిన గుంతలోనిది వాసనలేని నల్లని ఎరువు. అయితే ఇది విశ్రమించిన గుంత మాట మాత్రమే. వాడుకలోనున్న గుంతలోగాని, సెప్టిక్ ట్యాంకులోగాని ఎవరును దిగరాదు.

మరియొక హెచ్చరిక ఈ ప్రాంతమునకే చెందినది. కరవు దినములలో నీరు ఎంతో లోతునకు పోయినది. ఆ ధైర్యముతో పదునైదడుగుల రింగుల గుంతలు దింపి, వానికి సెప్టిక్ ట్యాంకులని పేరు పెట్టితిమి. ఇప్పుడు మధ్యమానేరు జలాశయము నిండుటచే సిరిసిల్ల వైపున భూగర్భజలము పైకి వచ్చినది. శ్రీరాంసాగర్ కాలువ క్రింది జగిత్యాల, కోరుట్ల పొలములందు వానకాలమున నీరు మరింత పైననే యుండును. గుంత అడుగునకు, భూజలమునకు నడుమ రెండు మీటర్ల నేల యుండవలెను. చేదబావికి, బోరుకు పది మీటర్ల ఎడముండవలెను. నాడు పొడిగా నున్న గుంత నేడు నీటిలో మునిగియున్నదేమో, పాత బావి నీటిమట్టమును చూచి తెలిసికొనవచ్చును.

ట్యాంకు నిండినప్పుడు కూలిమనిషిని దింపు దురాచారమును గూర్చి మీకు బాధ్యత కలదు. 2013 చట్టము ఏ వ్యక్తియైనను, ఏ స్థానిక సంస్థయైనను రక్షణసాధనములు లేక మనిషిని సెప్టిక్ ట్యాంకు శుద్ధికి నియోగింపరాదని శాసించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు కారాగారము, లేక రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మురుగు పనిలో మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. చట్టము మాట యటుంచి, మూత తీసిన క్షణమున పైకి లేచు వాయువు రెండు శ్వాసలలో మనిషిని కూల్చగలదు. వానిని లేపబోయినవాడును వాని ప్రక్కనే పడును. కావున యంత్రపు బండినే పిలువుడు. ఆ బండి మలమును ఊరి చెరువు కట్టక్రింద కుమ్మరింపక, సిరిసిల్ల పురపాలక సంఘమువంటి వారు నెలకొల్పిన శుద్ధికేంద్రమునకు చేర్చునట్లు ముందే మాట తీసికొనుడు.

ఇంటి నిర్మాణమునకు అనుమతి కోరి వచ్చినవారిని ముందు ఇంటిప్లానులో మురుగు గొట్టము, గాలిగొట్టము ఎక్కడనని అడుగుడు. గొట్టములు పరచి మట్టి పూడ్చకముందు వార్డు సభ్యుడొకడు వెళ్లి, రెండు బకెట్ల నీరు పోయించి, చెవియొగ్గి విని, జాలీ కట్టినదో లేదో చూచి రావలెను. పూడ్చిన పిమ్మట చూచుటకేమియు మిగులదు.