సంతకానికి ముందే భూమి పుట్టుపూర్వోత్తరాలు

(చోడవరంలో ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



థింసా చూసిన కళ్లతో ప్రసంగం వినడం కష్టమే. అయినా ఒక పావుగంట ఓపిక పట్టండి. సంస్కృతి గురించి మాకంటే బాగా చెప్పే పెద్దలు ఇక్కడ ఉన్నారు. మేము కాగితాల గురించి చెబుతాం. భూమి లేకపోతే థింసా ఆడటానికి చోటు కూడా ఉండదు కదా!

మా హాస్టళ్లలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు టీచర్లు, కానిస్టేబుళ్లు, స్టాఫ్ నర్సులు, సచివాలయ ఉద్యోగులు. చాలా ఇళ్లలో నెల జీతం అందుకున్న మొదటి మనిషి వాళ్లే. జీతం కాస్త స్థిరపడగానే అందరికీ వచ్చే ఆలోచన ఒక్కటే, నాలుగు సెంట్ల జాగా కొనాలని. మంచి ఆలోచనే. చోడవరం, అనకాపల్లి, పెందుర్తి వైపు రోడ్డు పక్క పొలాల్లో రాళ్లు పాతి ప్లాట్లు అమ్ముతున్నారు. ఒకసారి డబ్బు పోగొట్టుకుంటే వెనక నుంచి ఆదుకోవడానికి మన ఇళ్లలో తాతల ఆస్తులు లేవు. మన భయమల్లా అదే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. స్టాంపు కాగితం ఎంత ఖరీదైనదైనా, సాక్షులు ఎంత పెద్దవాళ్లయినా రాదు. రిజిస్ట్రేషన్ జరిగిపోయింది కదా అంటారు. రిజిస్టరయ్యేది దస్తావేజు. అమ్మినవాడికి హక్కు లేకపోతే రిజిస్ట్రేషన్ ఆ హక్కును పుట్టించదు.

కొండ మీద ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం వచ్చింది. తర్వాత 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్, దాన్ని బిగిస్తూ 1970లో మనం 1/70 అని పిలుచుకునే సవరణ వచ్చాయి. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సంఘానికో తప్ప ఎవరికి అమ్మినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆయనే. మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది.

కానీ ఈ కవచం ఎక్కడిదాకా? పాత విశాఖ జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి వైపున్న 11 మండలాలకు. ఇప్పుడవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. చోడవరం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం అనకాపల్లి జిల్లా. రావికమతం, రోలుగుంట వైపు గిరిజన గ్రామాలున్నా, అవి షెడ్యూల్‌లో లేవు గనుక 1/70 వర్తించదు. వాటిని చేర్చమనే పోరాటం నడుస్తూనే ఉంది. ఘాట్ రోడ్డు దిగిన గిరిజనుడు భూమి కొనేటప్పుడు అందరిలాంటి కొనుగోలుదారుడే. ఇక్కడ తన కాపలా తానే కాసుకోవాలి.

మైదానంలో ఏం జరుగుతుందో మన కళ్ల ముందే చూశాం. విశాఖ చుట్టుపక్కల భూరికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వం సిట్ వేసింది. 2019లో మరో సిట్ వేయాల్సి వచ్చింది. నగరంలో చదువుకున్నవాళ్లే మోసపోయారంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఈ మధ్య మా పూర్వ విద్యార్థి ఒక అగ్రిమెంటు నకలు ఫోన్లో పంపాడు. "మేడం, రేపే సంతకం, అడ్వాన్సు మూడు లక్షలు, ఒకసారి చూడండి" అన్నాడు. ఈసీ శుభ్రంగానే ఉంది. సర్వే నంబరును నిషేధిత జాబితాలో వెతికితే మాత్రం దొరికింది. ఎప్పుడో పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి అది. అమ్మజూపినవాడు పట్టాదారూ కాదు, పట్టాదారు వారసుడూ కాదు. సంతకం ఆగింది, మూడు లక్షలు మిగిలాయి. వెతకడానికి పట్టింది పది నిమిషాలు.

అందుకని అగ్రిమెంటు రాసుకోకముందే ఏం చూడాలో వరసగా చెబుతాం. పిల్లలు రాసుకోండి.

ఒకటి, లింకు దస్తావేజులు. ఇప్పుడు అమ్ముతున్నాయనకు ఎవరమ్మారు, వాళ్లకు ఎవరమ్మారు, ఇలా కనీసం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లండి. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఆగండి. జిరాక్సులతో సరిపెట్టుకోకండి. అసలు కాగితాలు బ్యాంకులో కుదువ పెట్టి, జిరాక్సులతో అమ్మేవాళ్లున్నారు.

రెండు, ఈసీ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గానీ తీసుకోవచ్చు. కానీ ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. తెల్లకాగితం అమ్మకాలు, రిజిస్టరు కాని వీలునామాలు అందులో ఉండవు. నడుస్తున్న కోర్టు కేసులు కూడా కనిపించకపోవచ్చు. కేసు నడుస్తుండగా కొంటే, ఆ తీర్పు కొన్నవాళ్లనూ కట్టేస్తుంది.

మూడు, రెవెన్యూ రికార్డు. మీభూమిలో అడంగల్, 1-బి చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు, కొత్త ఎల్.పి. నంబరు రెండూ సరిపోల్చండి. తహసీల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. చూస్తే ఆ నేల మొదట్లో పట్టాదా, బంజరా, చెరువు పోరంబోకా తెలుస్తుంది.

నాలుగు, 22-ఎ నిషేధిత జాబితా. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ భూములన్నీ ఇందులో ఉంటాయి. డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణ, 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు, వాళ్ల వారసులకు వీలు కల్పించింది. ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ఆపి పరిశీలన మొదలుపెట్టారు. కాబట్టి "చట్టం మారిపోయింది, ఏం పరవాలేదు" అనే మధ్యవర్తి మాట నమ్మి డబ్బు ఇవ్వకండి.

ఐదు, వారసులు. పిత్రార్జితం అయితే అన్నదమ్ములే కాదు, అక్కచెల్లెళ్ల సంతకాలూ ఉండాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది.

ఆరు, పవర్ ఆఫ్ అటార్నీ. జీపీఏ కాగితంతోనే ఆస్తి చేతులు మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. జీపీఏ పట్టుకొచ్చినవాడు కనిపిస్తే అసలు యజమానిని చూపించమనండి.

ఏడు, నేల మీదికి వెళ్లండి. సర్వేయర్‌తో కొలిపించండి. చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులూ ఉన్నాయా చూడండి. పక్క పొలం రైతును పలకరించండి. కాగితం చెప్పని సంగతులు ఆయన చెబుతాడు. లేఅవుట్ పెద్దదైతే రెరా నంబరు అడగండి. రెరా వర్తించే చోట, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి డబ్బు తీసుకోవడానికి వీల్లేదు.

ఇవన్నీ అయ్యాకే అగ్రిమెంటు. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. టైటిల్‌లో లోపం బయటపడితే సొమ్ము తిరిగివ్వాలనే షరతు రాయించండి. అగ్రిమెంటుతో భూమి మీది కాదు. రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తోనే అవుతుంది. "ఈరోజే ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం" అంటే ఇచ్చేసుకోనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ప్లాటు పోవడమే మేలు.

ఇక కొండ మీది మాట ఇంకొకటి. కొందరు మన కుర్రాళ్ల దగ్గరకొచ్చి, "డబ్బు మాది, పేరు నీది, సంతకం పెడితే కమీషన్ ఇస్తాం" అంటారు. 1/70 గోడను బయటివాళ్లు పగలగొట్టలేక మన వేళ్లతోనే తలుపు తీయించుకోవడం అది. బినామీ నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష పడుతుంది. పేరు అరువిచ్చినవాళ్లకూ ఆ శిక్ష తప్పదు. అలాగే 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుందే గానీ అమ్మకానికి పనికిరాదు. కొనవద్దు, అమ్మవద్దు.

లాయరుకు డబ్బులెక్కడివి అనకండి. న్యాయసేవల చట్టం ప్రకారం గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

మన తాతల దగ్గర వేలిముద్ర వేయించుకుని భూములు రాయించుకున్నారు. వాళ్లకు చదువు రాదు. మీకు వచ్చు. ఇంట్లో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టబోతున్నా, ముందు మీరు చదవండి. అర్థం కాకపోతే మా హాస్టల్‌కు రండి, కూర్చుని కలిసి చదువుదాం.

సెలవు. జై ఆదివాసీ!