ఇద్దరు కలిసి వస్తే యజమానికి అనుమానం



ఈ సదస్సుకు అధ్యక్షత వహించమని అడిగినప్పుడు నిర్వాహకులు మెల్లిగా ఒక షరతు పెట్టారు. అధ్యక్షోపన్యాసం పేరిట అమెరికన్ సాహిత్య చరిత్రంతా అప్పజెప్పవద్దన్నారు. వారి భయం న్యాయమైనదే. కనుక ఒక చిన్న నవలను ముందు పెట్టుకుని, దాని పక్కన ఇంకో నవలను కాసేపు నిలబెట్టి, నాకు తోచింది చెప్పి తప్పుకుంటాను.

చిన్న నవల అన్నది జాన్ స్టైన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’. 1937లో వచ్చింది. కాలిఫోర్నియాలో సలీనస్ నది ఒడ్డున గురువారం సాయంత్రం మొదలై, ఆదివారం సాయంత్రం అదే ఒడ్డున ముగుస్తుంది. జార్జ్ చురుకైన చిన్న మనిషి. లెన్నీ ఏనుగంత బలం, పసివాడి బుద్ధి ఉన్నవాడు. ఇద్దరూ బార్లీ బస్తాలు మోసే పనికి ఒక రాంచ్‌కి వస్తారు. ఎప్పటికైనా కొంచెం నేల కొనుక్కుని కుందేళ్లు పెంచుకోవాలని వారి ఆశ. లెన్నీ చేతిలో యజమాని కోడలు అనుకోకుండా చనిపోతుంది. వెంటాడుతున్న గుంపు చేతికి చిక్కకముందే జార్జ్ తన నేస్తాన్ని తానే కాల్చేస్తాడు. కథ ఇంతే.

ఈ నవల గురించి మనవాళ్లు రాసిన వ్యాసాల్లో తరచూ కనిపించే మాట ‘మానవుడి ఏకాకితనం’. గంభీరమైన మాటే. కానీ దాన్ని వాడగానే ప్రశ్న అడగడం మానేస్తాం. ఒంటరితనం మనిషి పుట్టుకతోనే ఉన్నదైతే, దాన్ని తెచ్చిపెట్టింది ఎవరని అడిగే పని ఉండదు. రాంచ్ యజమానికీ అదే కావాలి.

రెండో అధ్యాయంలో యజమాని ఈ ఇద్దరినీ పనిలోకి తీసుకునే ఘట్టం చూడండి. లెన్నీని అడిగిన ప్రతిదానికీ జార్జే జవాబు చెబుతుంటాడు. యజమానికి అనుమానం వస్తుంది. వీడి కూలి డబ్బు నువ్వు కాజేస్తున్నావా అని నిలదీస్తాడు. ఒక కూలీ ఇంకో కూలీ కోసం ఇంత పాటుపడటం ఆయన ఎన్నడూ చూడలేదు. అప్పుడు జార్జ్ అబద్ధమాడతాడు: వీడు మా బంధువు, చిన్నప్పుడు తలమీద గుర్రం తన్నింది అని. స్నేహితుడంటే నమ్మరు, చుట్టమంటే నమ్ముతారు. చుట్టరికం ఎవరికైనా అర్థమయ్యే బాధ్యత. లాభం లేని స్నేహం ఆ యజమాని లెక్కల పుస్తకంలో ఏ ఖాతాకిందికీ రాదు. నా దృష్టిలో నవల మొత్తానికి తాళంచెవి ఈ అబద్ధమే.

ఆ లెక్కలు ఎలా నడిచేవంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ముర్రే అండ్ రెడీ అనే పని ఇప్పించే కంపెనీ మనిషికొక చీటీ, బస్సు టికెట్టు ఇచ్చి పంపేది. జార్జ్, లెన్నీ వచ్చింది అలాగే. పేరు విడిగా, చీటీ విడిగా, నెలకు 50 డాలర్ల జీతం విడిగా. కోత అయిపోతే ఎవడి దారి వాడిది. కూలీలు పడుకునే బంక్‌హౌస్‌లో ఒక్కొక్కడి ఆస్తికి చోటు గోడకు కొట్టిన యాపిల్ పెట్టె ఒకటి. జార్జ్‌కు ఇచ్చిన మంచం మీద అంతకుముందు ఒక కమ్మరి ఉండేవాడు. ఎందుకు వెళ్లిపోయాడయ్యా అంటే, ఊరికే వెళ్లిపోయాడు, అందరూ వెళ్లినట్టే వెళ్లాడు అంటాడు అక్కడ ఊడ్చే ముసలి క్యాండీ. ఇదంతా స్టైన్‌బెక్ పుస్తకాల్లో చదివి రాసింది కాదు. 1902లో సలీనస్‌లోనే పుట్టి, కుర్రతనంలో స్ప్రెకెల్స్ చక్కెర కంపెనీ రాంచ్‌లలో పనిచేసినవాడు ఆయన.

మూడో అధ్యాయం గురించి కాస్త తీరిగ్గా మాట్లాడాలి. ఒకే గదిలో, ఒకే రాత్రి రెండు సంగతులు జరుగుతాయి. విట్ అనే కుర్ర కూలీ ఒక చవక కౌబాయ్ పత్రిక తెచ్చి స్లిమ్ అనే తోటి పనివాడికి చూపిస్తాడు. అందులో పాఠకుల ఉత్తరాల పేజీలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాడు కొన్నాళ్ల కిందట అదే రాంచ్‌లో పనిచేసి వెళ్లిన బిల్ టెనర్. పక్క మంచం మీద పడుకున్న మనిషి పేరు అచ్చులో కనబడితే విట్‌కి ఎంత సంబరమో! పత్రికను ఎవరి చేతికీ ఇవ్వడు. తన పెట్టెలో జాగ్రత్తగా దాచుకుంటాడు. మనిషి ఉన్నన్నాళ్లూ ఏ బంధమూ లేదు, వెళ్లిపోయాక అతని అచ్చుపేరు ఆస్తి అయింది. ఈ ముచ్చట నడుస్తుండగానే కార్ల్‌సన్ అనే ఇంకో కూలీ క్యాండీ ముసలి కుక్కను చంపాలని పట్టుబడతాడు. కంపు కొడుతోంది, పళ్లు లేవు, ఎందుకూ పనికిరాదు అని అతని వాదన. క్యాండీ ఒక్కొక్కరి ముఖమే చూస్తాడు. చివరికి ఆశతో స్లిమ్ వైపు చూస్తాడు. రాంచ్‌లో అందరూ గౌరవించే స్లిమ్ కూడా అవునంటాడు. కుక్కను బయటికి తీసుకుపోతారు. లోపల పేకాట గురించి, ఎలుక గురించి ఏదో ఒకటి మాట్లాడబోతారు, మాట సాగదు. తుపాకీ పేలుతుంది. క్యాండీ గోడవైపు తిరిగి పడుకుంటాడు.

పనికిరానివాడికి చోటు లేదన్నది ఆ గది చట్టం. ఆ చట్టం తనకూ వర్తిస్తుందని యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న క్యాండీకి తెలుసు. అందుకే జార్జ్, లెన్నీ మాట్లాడుకుంటున్న నేల సంగతి చెవిన పడగానే తన డబ్బంతా ఇస్తానంటాడు. ఆ నేల ఖరీదు 600 డాలర్లు. క్యాండీ దగ్గర ఉన్నది 300, నెలాఖరుకు మరో 50 వస్తుంది. ఆ 300లో 250 పోయిన చేతికి రాంచ్‌వాళ్లు కట్టిన వెల. అంతవరకు నోటిమాటగా ఉన్న కల లెక్కకు అందేది ఈ డబ్బుతోనే. నవలాకారుడు దీని మీద ఒక్క వ్యాఖ్య కూడా చేయడు.

మరునాటి రాత్రి మిగతావారంతా పట్నానికి పోతే, వెనక మిగిలినవారు క్రూక్స్ గదిలో చేరతారు. క్రూక్స్ ఆ రాంచ్‌లో ఒకే ఒక నల్లజాతి మనిషి. జీనులు, పగ్గాలు వేలాడే గదిలో వేరుగా ఉంటాడు. అతని పుస్తకాల్లో 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ నలిగిపోయిన ప్రతి ఒకటి ఉంది. హక్కులు రాసి ఉన్న పుస్తకం చేతిలో ఉన్నవాడికి బంక్‌హౌస్‌లో పేకాట ఆడే హక్కు లేదు. లెన్నీ, క్యాండీల మాటలు విని అతనూ కాసేపు కరుగుతాడు. నన్నూ రానిస్తే కూలి లేకుండా పనిచేస్తానంటాడు. అంతలో యజమాని కోడలు వచ్చి, తలుచుకుంటే నిన్ను చెట్టుకు వేలాడదీయించగలనని బెదిరిస్తుంది. అతను అన్నమాట వెనక్కి తీసుకుంటాడు. ఆ గదిలో సాటివారిమన్న భావం నిలిచింది ఏ అరగంటో.

ఆ కోడలికి నవలలో పేరు లేదు. ఈ విషయంలో స్టైన్‌బెక్‌ను నేను సమర్థించలేను. 1937 నవంబరులో న్యూయార్క్‌లో ఈ నవలను నాటకంగా వేసినప్పుడు ఆ పాత్ర ధరించిన క్లేర్ లూస్‌కు ఆయన తర్వాత ఒక ఉత్తరం రాశాడు. ఆ అమ్మాయి ఎలా పెరిగింది, ఎందుకంత బింకం అని అందులో దయగా వివరించాడు. నటికి చెప్పిన ఆ మాటలు పాఠకుడికి చెప్పివుంటే బాగుండేది.

ఇప్పుడు రెండో నవల. స్టైన్‌బెక్ పుట్టిన 1902లోనే ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ వచ్చింది. వయోమింగ్ పశువుల రాంచ్ కథ. తర్వాతి కౌబాయ్ కథలకూ సినిమాలకూ మూసపోసిన పుస్తకం. అందులోనూ స్నేహితుడి చేతిలోనే స్నేహితుడి చావు ఉంది. పశువుల దొంగగా దొరికిన స్టీవ్‌ను ఉరితీసే గుంపుకు అతని ప్రాణమిత్రుడైన కథానాయకుడే నాయకత్వం వహిస్తాడు. చివరి రాత్రి స్టీవ్ అతనితో ఒక్కమాటైనా మాట్లాడడు. మాట్లాడితే ఏడ్చేస్తానన్న భయంతోనే మాట్లాడలేదని తర్వాత దొరికిన చీటీలో తెలుస్తుంది. చాలా గొప్ప ఘట్టం. కానీ ఆ వెంటనే రాంచ్ యజమాని జడ్జి హెన్రీ ఆ ఉరి ఎందుకు న్యాయమో కథానాయికకు సుదీర్ఘంగా బోధిస్తాడు. వినడానికి నాకు ఓపిక చాలలేదు. దాని వెనక 1892 జాన్సన్ కౌంటీ పోరు ఉంది. పెద్ద పశువుల ఆసాములు చిన్నవారి మీదికి టెక్సస్ నుంచి కిరాయి తుపాకులను దింపిన పోరు అది. విస్టర్ పెద్దల పక్షం. నేస్తాన్ని ఉరితీసిన కథానాయకుడు చివరికి ఆస్తిపరుడవుతాడు.

జార్జ్‌కు అలాంటి బహుమానం లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కోడలి శవాన్ని చూసిన వెంటనే క్యాండీ అడిగేది, మనిద్దరం ఆ నేల కొనలేమా అని. డబ్బుంది, నేల ఉంది, అమ్మేవాళ్లూ ఉన్నారు. అయినా జార్జ్ వద్దంటాడు. నెల పనిచేసి, 50 డాలర్లు తీసుకుని, పట్నంలో ఏ భోగంఇంట్లోనో తగలేస్తానంటాడు. కల చెడింది డబ్బు లేకకాదు. ఆ కథను పదేపదే చెప్పమని అడిగే మనిషి పోయాడు. పేదరికమే అంతటికీ కారణమనే విమర్శకులు ఈ వాక్యాల దగ్గర కొంచెం ఆగాలి.

నవల మీద నా ఫిర్యాదు ఇంకొకటుంది. సలీనస్ లోయలో పనిచేసినవారంతా చీటీకొకడుగా తిరిగినవారు కాదు. ఫిలిప్పీన్స్ యువకులు జట్లుగా తిరిగేవారు, ఖర్చులు పంచుకునేవారు, సమ్మెలు చేసేవారు. 1934లో సలీనస్ లెట్యూస్ పొలాల్లో సమ్మె చేశారు. 1930 జనవరిలో, దగ్గరలోని వాట్సన్‌విల్‌లో తెల్ల గుంపులు వారి మీద పడి ఒకరిని చంపాయి. కలిసి ఉంటే అనుమానం, దెబ్బలు కూడా అన్నమాట. ఇది స్టైన్‌బెక్‌కు తెలియక కాదు. 1936 అక్టోబరులో ‘శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్’కు వలస కూలీల మీద ఏడు వ్యాసాలు రాసినప్పుడు వారి సంగతీ రాశాడు. నవలలోకి మాత్రం రానివ్వలేదు. వారి కథ కావాలంటే కార్లోస్ బులోసాన్ 1946లో రాసిన ‘అమెరికా ఈజ్ ఇన్ ద హార్ట్’ చదవాలి.

అదే కాలిఫోర్నియాలో, ఇంకా ముందు, 1913 నుంచి, పొలాల్లో పనిచేసే పంజాబీల అండతో భారత స్వాతంత్ర్యం కోసం గదర్ పార్టీ నడిచింది. అక్కడ చదువుకుంటూ అందులో చేరి, తర్వాత జైలు పాలైన మన దరిశి చెంచయ్యగారి ఆత్మకథ ‘నేనూ నా దేశం’ మన గ్రంథాలయాల్లోనే ఉంది. పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఇదే. స్టైన్‌బెక్, బులోసాన్, చెంచయ్యల పుస్తకాలు మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒంటరితనం గురించి రాసేటప్పుడు ఎవరి చీటీ మీద, ఎంత కూలికి, ఎన్నాళ్లకు అని ముందు అడగండి. ఈ రెండు రోజుల చర్చల్లోనూ ఆ ప్రశ్నలు వినబడాలని కోరుతున్నాను. మొదటి పత్ర సమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.