నీ జాగా, నా జాగా



శుక్రవారం సాయంత్రం మన బతా చూడండి. మలయాళీలు ఒక గల్లీ, బంగ్లాదేశ్ వాళ్లు ఒక గల్లీ, ఫిలిప్పీన్స్ వాళ్లు ఒక వైపు, మన తెలుగోళ్లు ఒక మూల. ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. ఊరు కాని ఊర్లో మనిషికి నాదనే జాగా ఒకటి కావాలి. ఊరి కబురు, పని కబురు తెలిసేది అక్కడే. అందులో తప్పు లేదు.

అదే అలవాటు సైటుకు వస్తే సంగతి వేరు. సైటు ఆఫీసులో ఏసీ ఎదుటి కుర్చీ ఒకరిది, చార్జింగ్ పాయింటు ఇంకొకరిది, డ్రాయింగుల బీరువా తాళంచెవి మరొకరి జేబులో. బయట గోడ నీడ ఒక గ్యాంగుది, నీళ్ల కూలర్ పక్క జాగా ఇంకో గ్యాంగుది. ఇవేవీ కంపెనీ రాసిచ్చినవి కావు. ముందొచ్చినోడు అట్టముక్క పరిచాడు, నాలుగు రోజులకు అది వాడి సొంతమైంది.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. కొత్తగా దిగిన తమ్ముడు భాష రాక, జాగా అడగలేక ఎండలోనే కూర్చుంటే ఆ రూలు వాడికి లేనట్టే కదా?

సామాన్ల దగ్గర ఇంకా ప్రమాదం. మేము పనిచేసిన ఒక సైటులో సేఫ్టీ బెల్టులను ఒక గ్యాంగు తమ పెట్టెలో పెట్టి తాళం వేసుకునేది. వాళ్లదీ భయమే, పోతే జీతంలో కోస్తారని. పక్క గ్యాంగు కుర్రాడు బెల్టు లేకుండానే నాలుగో అంతస్తు దాకా ఎక్కాడు. దింపి అడిగితే, "అవి వాళ్లవి అన్నా" అన్నాడు. బెల్టు, హెల్మెట్ కంపెనీ ఇవ్వాల్సినవి. ఏ గ్యాంగు సొత్తూ కావు.

తర్వాత మేము బెల్టులకు నంబర్లు వేసి, స్టోరులో ఒక పుస్తకం పెట్టాం. పొద్దున సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం తిరిగివ్వాలి. లెక్క తేలింది, దాచుకునే భయం పోయింది. ఎన్ని తక్కువున్నాయో పుస్తకం చూపించి అడగగలిగాం.

మంచం, పెట్టె, అన్నం గిన్నె ఎవరివి వాళ్లవి. అడగకుండా ముట్టొద్దు. నీడ, నీళ్లు, నిచ్చెన, బెల్టు అందరివీ. వాటికి తాళం వద్దు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే చాలా గొడవలు పుట్టవు.

రేపు డ్యూటీకి పోయాక కొత్తోడు ఎక్కడ కూర్చున్నాడో చూడండి. "ఇటు రా తమ్మీ" అని కాస్త పక్కకు జరగండి. సెలవు.