పేరు హిందూపురానిది, తీర్పు మనందరిది

(తలుపులలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందూపురం పార్లమెంటు సీటు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి నీలం సంజీవరెడ్డి పేరు, రెండోది నందమూరి కుటుంబం. ఎన్నికలొస్తే కెమెరాలన్నీ పట్నంలోనే దిగుతాయి. కదిరి సెగ్మెంటులో ఉన్న ఈ తలుపుల దాకా ఎవరొస్తారు? కానీ ఈ సీటు చరిత్రను పట్నం ఒక్కటే రాయలేదు. అది చెప్పడానికే మేం వచ్చాం.

1957 నుంచి 1980 దాకా జరిగిన లోక్‌సభ ఎన్నికలన్నిటిలో ఇక్కడ కాంగ్రెస్సే గెలిచింది. 1967లో ఇక్కడ గెలిచిన సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యారు. 1969లో ఆ పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి వి.వి.గిరి చేతిలో ఓడారు. 1977లో రాష్ట్రపతి అయ్యారు గానీ, అప్పటికి ఆయన నంద్యాల ఎంపీ. ఇక్కడ 1971, 1977, 1980లో వరసగా గెలిచింది పి.బాయపరెడ్డి. 1984లో ఈ కంచుకోటను తెలుగుదేశం బద్దలు కొట్టింది. మరుసటేడు ఎన్టీఆర్ మూడు చోట్ల గెలిచి, హిందూపురం అసెంబ్లీ సీటును అట్టిపెట్టుకున్నారు.

అసలు సంగతి ఇక్కడుంది. 1989లో ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడి, హిందూపురంలో గెలిచారు. అదే ఎన్నికలో హిందూపురం ఎంపీగా గెలిచింది ఎవరు? కాంగ్రెస్ అభ్యర్థి ఎస్.గంగాధర్! 2004లో పట్నంలో తెలుగుదేశం గెలిస్తే, పార్లమెంటుకు కాంగ్రెస్ తరఫున నిజాముద్దీన్ వెళ్లారు. 2019లో బాలకృష్ణ గెలిచారు. మిగతా ఆరు సెగ్మెంట్లూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. కదిరిలో సీఐగా పనిచేసిన గోరంట్ల మాధవ్ ఎంపీ అయ్యారు. 2024లో ఏడు సెగ్మెంట్లూ కూటమివే. 1999లో గెలిచిన బి.కె.పార్థసారథి పాతికేళ్లకు మళ్లీ లోక్‌సభకు వెళ్లారు.

మూడుసార్లు, సరిగ్గా పదిహేనేళ్లకోసారి, పట్నం ఒక దారిన పోతే పార్లమెంటు సీటు ఇంకో దారిన పోయింది. అంటే మడకశిర, పెనుకొండ, ధర్మవరం, కదిరి జనం ఎవరి వెనకా గుడ్డిగా నడవలేదు. పెద్ద పేరు చూసి ఓటేయలేదు. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం.

మరి ఇంత తెలివిగా తీర్పు ఇచ్చిన మనకు దక్కిందేమిటి? స్పీకర్ ఇక్కడి ఎంపీయే. ముఖ్యమంత్రి ఇక్కడి ఎమ్మెల్యేయే. పదవులు వచ్చినంత వేగంగా నీళ్లు వచ్చాయా? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు ముందు చోటు ఇస్తామన్నారు. శ్రీశైలం నీళ్లు హంద్రీ నీవా కాలువలో జీడిపల్లికి చేరేసరికి 2012 అయింది. పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు వచ్చేసరికి 2016. ఒడంబడిక నుంచి లెక్కేస్తే డెబ్బై తొమ్మిదేళ్లు! ఈలోగా వానను నమ్ముకుని చెనక్కాయ వేసిన రైతు అప్పులపాలయ్యాడు. కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి కూలికి కేరళకు, బెంగళూరుకు పోయారు.

2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రం హిందూపురమా, పుట్టపర్తా అని పెద్ద గొడవ జరిగింది. ఆఫీసు ఏ ఊళ్లో ఉండాలన్నది అడగాల్సిన ప్రశ్నే. కానీ మన చెరువుకు నీళ్లు ఏ ఏడాది, ఏ కాలువ మీద వస్తాయన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు ఓట్లకు వచ్చే అభ్యర్థిని పార్టీ ఏదని మాత్రమే అడగొద్దు. తలుపుల మండలంలో ఎన్ని చెరువులున్నాయి, అందులో ఎన్నింటికి కాలువ నీళ్లు అందుతాయి అని అడగండి. ఆ లెక్క ముందు మీరే ఊరూరా తిరిగి రాసిపెట్టుకోండి. ఉద్యోగ మిత్రులు కాగితాలు తీయడంలో వాళ్లకు సాయం చేయండి. ఎవరిని గెలిపించాలో మూడుసార్లు చూపించిన జనం, గెలిచినవాళ్లతో పని చేయించడమూ చూపించాలి.

సెలవు.